పాట రెండున్నర నిమిషాలకు ఎందుకు దిగింది?

రాజాం దగ్గర పల్లె నుంచి ఒక డిగ్రీ కుర్రాడు అడిగిన ప్రశ్న ఇది: "జానపద పాట ఒకటి రాసి, ట్యూన్ కట్టుకున్నాను. డెమో నాలుగున్నర నిమిషాలు వచ్చింది. యూట్యూబ్ ఛానెల్ నడిపే అతను విని, రెండున్నరకు దించితేనే తీసుకుంటానన్నాడు. ముప్పై సెకన్లు వింటే డబ్బులొస్తాయనే రూల్ వల్లే పాటలన్నీ పొట్టివైపోతున్నాయా? జనాలకు ఓపిక పోయిందా? నా పాట కొయ్యాలా, వద్దా?"

తమ్ముడూ, విజయనగరంలో నాది చిన్న రికార్డింగ్ స్టూడియో. దానికి ముందు అదే గదిలో క్యాసెట్ల షాపు నడిపాను. రాజాం కూడా 2022 నుంచి మా జిల్లాలోకే వచ్చింది కాబట్టి ఇంటి మనిషితో మాట్లాడినట్టే చెబుతాను. జనం ఓపిక సంగతి అందరూ చెప్పే మాట. అది పూర్తిగా అబద్ధం కాదు గానీ, అసలు కారణం అది కాదు. పాట ఎంత పొడుగుండాలో వినేవాడు ఎప్పుడూ తేల్చలేదు. డబ్బు దేన్ని లెక్కబెట్టి ఇస్తున్నారో దాన్ని బట్టి పాట సాగింది, కుదించుకుపోయింది.

మన వైపు పాటకు అసలు కొలతే లేదు. ఊడుపు పాట మడి అయ్యేదాకా సాగుతుంది. దంపుడు పాట వడ్లు అయ్యేదాకా. జముకుల కథవాళ్లు ఎల్లమ్మ కథ ఎత్తుకుంటే తెల్లారిపోతుంది. తప్పెటగుళ్లవాళ్లు రొమ్ము మీద రేకు తప్పెట వాయిస్తూ ఎగురుతుంటే, ఎదురుగా జనం ఉన్నంతసేపు కథ పెరుగుతూనే ఉంటుంది. పాటకు గడియారం కట్టింది గ్రామఫోను.

మన దేశంలో ప్లేట్ల రికార్డింగులు 1902లో కలకత్తాలో మొదలయ్యాయి. గౌహర్ జాన్ పాడింది అప్పుడే. నిమిషానికి 78 చుట్లు తిరిగే పదంగుళాల ప్లేటు మీద ఒక వైపు పట్టేది మూడు నిమిషాలు, ఆ పైన కొన్ని సెకన్లు. రాగాలాపన, కీర్తన, స్వరకల్పన అన్నీ కలిపి గంట పాడేవాళ్లు కూడా ఆ మూడు నిమిషాల్లో ముగించాల్సిందే. మా మహారాజా సంగీత కళాశాలలో పాఠం చెప్పి, ప్రిన్సిపాల్‌గా కూడా చేసిన ద్వారం వెంకటస్వామినాయుడు గారి వయొలిన్ కచేరీ వేరు, ప్లేటు మీద దొరికే ఆయన వాయింపు వేరు. సినిమా పాట కాస్త పొడుగైతే సగం ఒక వైపు, సగం రెండో వైపు ఎక్కించేవారు. సినిమాలో ఉన్న చరణం ప్లేటు మీద లేకపోవడం కూడా అప్పట్లో మామూలే. దాన్ని చూసి, ఆనాటి శ్రోతలకు ఓపిక లేదని ఎవరూ అనలేదు కదా.

1948లో ఎక్కువసేపు తిరిగే ఎల్‌పీ రికార్డు, ఆ తర్వాత క్యాసెట్ వచ్చాక ఆ బిగింపు వదిలింది. క్యాసెట్ రోజులు నాకు బాగా తెలుసు. అరవై నిమిషాల ఖాళీ క్యాసెట్‌లో సైడుకు ముప్పై నిమిషాలు. కస్టమర్ కాగితం మీద పాటల లిస్టు రాసుకుని వచ్చేవాడు. ఒక్కో పాట నాలుగున్నర, ఐదు నిమిషాలు. సైడుకు ఆరు పాటలు పడతాయి, ఏడోది చివర తెగిపోతుంది. తెగితే మర్నాడు షాపు ముందు గొడవ. కంపెనీ క్యాసెట్‌కి మాత్రం ఆ గొడవ లేదు. ధర మొత్తం క్యాసెట్‌కి కాబట్టి, లోపల పాట ఎంతసేపున్నా వాళ్లకు వచ్చేది అంతే. పైగా రెండు సైడ్లూ నింపాలి. పాటలు బాగా పొడుగైంది ఆ కాలంలోనే. పెద్ద బీజీఎమ్‌తో మొదలు, రెండు మూడు చరణాలు, మధ్యలో రెండు ఇంటర్‌లూడ్లు, అంటే చరణాల నడుమ వాయింపులు, చివర మళ్లీ పల్లవి. బయటి దేశాల పాటలదీ ఇదే దారి. 1960ల్లో రెండున్నర, మూడు నిమిషాలున్నవి 1990ల నాటికి నాలుగు దాటాయి. ఇప్పుడు మళ్లీ దిగుతున్నాయి. అంటే రెండున్నర నిమిషాల పాట కొత్త వింతేమీ కాదు, పాత కొలతకే వెనక్కి పోతున్నాం.

మధ్యలో కాలర్ ట్యూన్ల కాలం ఒకటి గడిచింది, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఫోన్ చేసినవాడికి ముప్పై నలభై సెకన్లు వినపడేది. పాటలోంచి ఏ ముక్క తీస్తే నెలనెలా డబ్బు కడతారా అని కంపెనీలు చూడటం అప్పుడే మొదలైంది. రీల్స్ వచ్చాక పాటను ముక్కగా చూడటం నేర్చుకున్నాం అంటారు. మనవాళ్లు అంతకు ముందే నేర్చుకున్నారు.

ఇప్పుడు నువ్వడిగిన ముప్పై సెకన్ల సంగతి. స్పాటిఫై అనే పాటల యాప్‌లో ఒక పాట ముప్పై సెకన్లు వింటే ఒక ప్లే కింద లెక్క. ఆ తర్వాత పాట రెండు నిమిషాలదైనా, ఏడు నిమిషాలదైనా ఖాతాలో పడేది ఆ ఒక్క ప్లేనే. విజయనగరంలో బస్సెక్కి నెల్లిమర్లలో దిగినా, శ్రీకాకుళం దాకా పోయినా ఒకటే టికెట్ అన్నట్టు. అలాంటప్పుడు దగ్గర ట్రిప్పులే ఎక్కువ వేస్తారు కదా. ఒక మనిషి గంటసేపు పాటలు విన్నాడనుకో. ఐదు నిమిషాల పాటలైతే పన్నెండు ప్లేలు, రెండున్నర నిమిషాలవైతే ఇరవై నాలుగు.

ఇక్కడ చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. ప్లేకి ఇంత అని అక్కడ స్థిరమైన రేటు లేదు. చందాలు, ప్రకటనల మీద వచ్చిన డబ్బులో కంపెనీ తన వాటా తీసుకుని, మిగతాది ఎవరికెన్ని ప్లేలు వచ్చాయో ఆ నిష్పత్తిలో పంచుతుంది. అందరూ పాటలు సగానికి తగ్గిస్తే అందరి ప్లేలూ రెట్టింపవుతాయి, డబ్బు మాత్రం అంతే ఉంటుంది. ఎవరికీ లాభం లేదు. అయినా ఎవరూ పెంచలేరు. పక్కవాడు తగ్గించినప్పుడు నువ్వొక్కడివే ఐదు నిమిషాల పాట పెడితే నీ వాటా తగ్గుతుంది. అందుకే ఇది ఒకసారి మొదలయ్యాక ఆగని పందెం. దీనికి తోడు 2024 నుంచి, పన్నెండు నెలల్లో వెయ్యి ప్లేలు రాని పాటకు స్పాటిఫై రికార్డింగ్ రాయల్టీ ఇవ్వడం మానేసింది. మనలాంటి చిన్నవాళ్లకు తగిలే దెబ్బ అదే.

అయితే ముప్పై సెకన్ల రూల్ పాట మొదలును మార్చింది గానీ, మొత్తం పొడుగును నేరుగా తగ్గించలేదు. రెండింటినీ కలిపెయ్యకు. పాట మొదలు దగ్గర ఏం జరిగిందో చూపించే లెక్కలున్నాయి. 2014లో స్పాటిఫై శ్రోతల మీద బయటికొచ్చిన ఒక విశ్లేషణలో, దాదాపు నాలుగో వంతు ప్లేలు మొదటి ఐదు సెకన్లలోనే స్కిప్ అవుతున్నాయని, సగం దాకా పాట చివరి వరకు వెళ్లడం లేదని తేలింది. అమెరికాలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ పరిశోధన ఒకటి హిట్ పాటల్లో గొంతు వినపడే ముందు వాయింపు ఎంతసేపుందో కొలిచింది. 1980ల మధ్యలో ఇరవై సెకన్లు దాటి ఉండేది, 2015 నాటికి ఐదు సెకన్లకు వచ్చింది. అమెరికా హిట్ పాటల లిస్టు బిల్‌బోర్డ్ హాట్ 100లో పాట సగటు పొడుగు 2013లో దాదాపు 3 నిమిషాల 50 సెకన్లుంటే, 2018కి 3 నిమిషాల 30 సెకన్ల దగ్గరికి వచ్చింది. ఆ మరుసటి ఏడాదే అమెరికా ర్యాపర్ లిల్ నాస్ ఎక్స్ పాట 19 వారాలు మొదటి స్థానంలో కూర్చుంది. దాని అసలు రికార్డింగ్ రెండు నిమిషాలు కూడా లేదు.

మరి 2021లో అమెరికా గాయని టేలర్ స్విఫ్ట్ పది నిమిషాలు దాటిన పాట అదే లిస్టులో మొదటి స్థానానికి ఎలా వచ్చింది? అందుకే ఓపిక పోయిందనే మాట నేను పూర్తిగా ఒప్పుకోను. ఆ గొంతు మీద నమ్మకమున్నవాళ్లు పది నిమిషాలూ కూర్చుని విన్నారు. పేరు తెలియని పాటకే ఐదు సెకన్ల పరీక్ష. మన పాటలన్నీ పేరు తెలియనివే, అక్కడే ఇబ్బంది.

ఇంతవరకూ చెప్పింది మన ఊరూ పేరూ ఎరగని పెద్ద కంపెనీల లెక్క. మా స్టూడియోలో పాటలు పొట్టివి కావడానికి వేరే కారణాలున్నాయి.

మొదటిది లూప్. ఇదివరకు పాట రికార్డింగ్ అంటే డోలు, సన్నాయి, డప్పు, హార్మోనియం వాళ్లంతా వచ్చేవారు. రెండో ఇంటర్‌లూడ్‌లో సన్నాయి ఆయన మొదటిసారి వాయించినట్టు వాయించడు, ఏదో ఒకటి కొత్తగా వేస్తాడు. అందుకని పాట పొడుగైనా విసుగు రాదు. ఇప్పుడు కీబోర్డు కుర్రాడు లాప్‌టాప్‌లో నాలుగు బార్లు, అంటే నాలుగు తాళం చుట్లు కట్టి కాపీ, పేస్ట్ కొడతాడు. రెండున్నర నిమిషాలు దాటేసరికి అతనికే బోర్ కొడుతుంది. పాట అక్కడ ఆపడం ఒక విధంగా న్యాయమే. నీ పాటకు కూడా మొత్తం లూపే వాడేటట్టయితే, నాలుగున్నర నిమిషాలు నిలబెట్టడం కష్టం.

రెండోది వీడియో. మన వైపు జానపదం ఒట్టి ఆడియోగా ఎవరూ విడుదల చెయ్యరు, డాన్స్ వీడియోతోనే బయటికి వస్తుంది. పల్లవి ఉద్దానం కొబ్బరి తోటల్లో తీసి, చరణం నాగావళి ఒడ్డున తీశారనుకో. రెండో చరణం ఉందంటే ఇంకో లొకేషన్, ఇంకో జత బట్టలు, డాన్సర్ల బ్యాచ్‌కి ఇంకో పూట భోజనాలు, డ్రోన్ అబ్బాయికి ఇంకో పూట అద్దె. ఛానెల్ అతను రెండో చరణం తీసెయ్యమన్నాడంటే సగం సార్లు ఈ ఖర్చు గురించే. పైకి మాత్రం జనం చూడరు అంటాడు. సినిమావాళ్లదీ పెద్ద తేడా లేదు. ఆడియోలో రెండు చరణాలుంటే తెర మీద ఒకటే కనపడిన పాటలు ఎన్ని చూడలేదు?

మూడోది రీల్స్. 2020 జూన్‌లో టిక్‌టాక్ నిషేధించారు. జూలైలోనే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ మన దేశానికి వచ్చింది, సెప్టెంబర్‌లో యూట్యూబ్ షార్ట్స్ పరీక్ష కూడా ఇక్కడే మొదలైంది. అప్పటి నుంచి స్టూడియోకి వచ్చే కుర్రాళ్లు పల్లవి పాడక ముందే "స్టెప్ ముక్క ఎక్కడ సార్?" అంటున్నారు. ముందు పదిహేను సెకన్ల ముక్క కట్టి, దాని చుట్టూ పాట అల్లుతున్నారు. అలా అల్లినదాంట్లో చరణానికి పని ఉండదు. ఆ ముక్క రెండుసార్లు వచ్చేశాక ఇక చెప్పడానికేమీ మిగలదు.

దీనివల్ల నిజంగా నష్టపోతున్నది ఎవరో చెబుతాను. గుర్ల వైపు నుంచి ఒక పెద్దావిడ ఊడుపు పాటలు పాడటానికి వచ్చింది. మైకు ముందు నిలబడటం కొత్త. మొదటి చరణం గొంతు శ్రుతి వెతుక్కోవడానికే సరిపోయింది. రెండోదానికి కుదురుకుంది. వంత పాడే ఆడవాళ్లు ఊపందుకుని, మూడో చరణానికి వచ్చేసరికి గొంతు తెరుచుకుంది చూడూ, కంట్రోల్ గదిలో మేం కుర్చీల్లోంచి లేచిపోయాం. సరిగ్గా అప్పుడే వీడియో అబ్బాయి చెయ్యెత్తాడు, టైమ్ అయిపోయిందని. ఆవిడ నా వైపు చూసి, "ఇదేటి బాబూ, ఇంకా మడి సగమే అయింది, అప్పుడే ఆపీమంటావేటి?" అంది. మొదటి నుంచి చివరికి కొలిచి కొయ్యడం వల్ల వచ్చే అనర్థం ఇదే. అచ్చం వేడెక్కే చోట కత్తెర పడుతుంది. నేను ఆ రోజు ఆవిణ్ని పూర్తిగా పాడించి, బయటికిచ్చిన పాటను మూడో చరణంతోనే మొదలుపెట్టాను. మొదటి రెండూ పూర్తి రికార్డింగులో ఉన్నాయి, కావలసినవాళ్లు వింటారు.

ఇక ఛానెల్ అతను చెప్పిన రెండున్నర. మన ఊళ్లలో పాట వినేది ఎక్కువగా యూట్యూబ్‌లో. అక్కడ లెక్క స్పాటిఫై లెక్క కాదు. ఛానెల్‌కి ప్రకటనల డబ్బు రావాలంటే వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు, దాంతోపాటు పన్నెండు నెలల్లో నాలుగు వేల గంటలు జనం చూసి ఉండాలి. షార్ట్స్ దారిలో వెళ్లేవాళ్లకైతే తొంభై రోజుల్లో కోటి వ్యూస్. షార్ట్స్ ఫీడ్‌లో చూసిన సమయం ఆ నాలుగు వేల గంటల్లోకి రాదు. నాలుగు వేల గంటలంటే రెండు లక్షల నలభై వేల నిమిషాలు. రెండున్నర నిమిషాల పాట చివరిదాకా చూస్తే తొంభై ఆరు వేల వ్యూస్ కావాలి. నాలుగున్నర నిమిషాలదైతే యాభై మూడు వేల పైచిలుకు చాలు. అతని ఛానెల్ ఇంకా ఆ గీత దాటకపోతే, పాట పొట్టిగా చేసి తన కాలు తనే నరుక్కుంటున్నాడు. దాటిపోయి ఉంటే, వీడియో మధ్యలో ప్రకటన పెట్టుకోవడానికి ఎనిమిది నిమిషాలుండాలి కాబట్టి, రెండున్నరకీ నాలుగున్నరకీ ఆ విషయంలో తేడా రాదు. 

కానీ ఇదంతా చివరిదాకా చూస్తేనే. రెండో నిమిషంలో అందరూ వెళ్లిపోతుంటే, మిగతా రెండున్నర నిమిషాలు ఉన్నా లేనట్టే. కాబట్టి అతనితో వాదించకు. ఇంతకుముందు పెట్టిన నాలుగు నిమిషాల పాట ఏదైనా ఉంటే, యూట్యూబ్ స్టూడియోలో దాని రిటెన్షన్ గ్రాఫ్, అంటే ఎంతమంది ఎక్కడిదాకా చూశారో చూపించే గీత, తెరిచి చూపించమను. గీత ఎక్కడ పడిపోయిందో, ఎక్కడ పైకి లేచిందో సెకన్లతో సహా కనపడుతుంది. నేను చూసిన మన వైపు పాటల్లో గీత పడిపోయేది చాలాసార్లు రెండో చరణం దగ్గర కాదు. మొదట్లో ఛానెల్ లోగో, టైటిళ్లు, డ్రోన్‌లో ఊరు చూపించే చోట ఒకసారి, ఇంటర్‌లూడ్‌లో హీరో ఊరికే నడిచే చోట ఇంకోసారి. మాట కొత్తగా ఉన్న చరణం దగ్గర గీత నిలబడుతుంది, ఒక్కోసారి లేస్తుంది కూడా, జనం వెనక్కి జరిపి మళ్లీ వింటారు.

దీనికి తోడు మన జిల్లాల్లో పాటకు ఇంకో జీవితం ఉంది, అది ఏ కంపెనీ లెక్కలోకీ రాదు. అమ్మవారి సంబరాలు, వినాయక నిమజ్జనం, పెళ్లి ఊరేగింపు. అక్కడ రెండున్నర నిమిషాల పాట వేస్తే కుర్రాళ్లు డీజే అబ్బాయి మీదకి వస్తారు. ఒళ్లు వేడెక్కే లోపే పాట అయిపోతుంది కదా మరి. అందుకే డీజేలు అదే పాటను డప్పు బీటు కలిపి ఏడెనిమిది నిమిషాలకు సాగదీసి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటారు. ఫోన్‌లో పొట్టిదైన పాట వీధిలో మళ్లీ పొడుగవుతోంది. ఆ సాగదీసిన దానికి రాసినవాడికి పైసా రాదు, కానీ మరుసటి పాటకు పిలుపు వచ్చేది అక్కడి నుంచే.

నువ్వు పంపిన డెమో విన్నాను, నేనైతే ఇలా చేస్తాను. మొదట ఉన్న ముప్పై ఐదు సెకన్ల వాయింపు నిర్దాక్షిణ్యంగా తీసెయ్యి. ఆరేడు సెకన్లు ఉంచు, గొంతు పడాలి. రెండు ఇంటర్‌లూడ్లలో ఒకటి పూర్తిగా తీసి, రెండోదాన్ని సగం చెయ్యి. చివర పల్లవి నాలుగుసార్లు తిప్పావు, రెండు చాలు. చరణం ఒక్కటి కూడా ముట్టుకోకుండానే మూడు నిమిషాల పది, ఇరవై సెకన్లకు వస్తుంది. అప్పటికీ రెండున్నర కావాలంటే, ఏ చరణంలో కథ కదలడం లేదో చూడు. పెళ్లికూతురు నగల పేర్లు వరసపెట్టి చెప్పే చరణమైతే ఉంచు, రీల్స్ పట్టుకునేది దాన్నే. "నీ నవ్వు వెన్నెల, నీ నడక హంస" రకం ఉంటే తీసెయ్యి, నాలుగున్నర నిమిషాల్లోనూ అది బరువే. సన్నాయి ఆయన్ని ఒక్కణ్నైనా పిలిపించు, లూప్ మీద రెండుచోట్ల వాయించినా పాట నిలబడుతుంది.

రికార్డింగ్ మాత్రం పూర్తిగా చేయించు. కోత తర్వాత ఎడిటింగ్‌లో వేసుకోవచ్చు, పాడని చరణాన్ని తర్వాత తేలేం.

కాగితం మీద సంతకం పెట్టే ముందు రెండు చూసుకో. సాహిత్యం, ట్యూన్ నీ పేరునే ఉండాలి. 2012 కాపీరైట్ సవరణ తర్వాత రాసినవాడికి, ట్యూన్ కట్టినవాడికి రాయల్టీ హక్కు ఉంది, దాని కోసం ఆ రాయల్టీ వసూలు చేసి పంచే సంఘం ఐపీఆర్‌ఎస్‌లో సభ్యత్వం తీసుకో. పల్లవి ఊళ్లో పాడుకునేదే తీసుకుని ఉంటే సేకరణ అని వేయించు, మొత్తం నాదే అనకు, తర్వాత గొడవలు. రెండోది, పొట్టి పాట, పూర్తి పాట రెండూ స్ట్రీమింగ్‌లో, అంటే స్పాటిఫై లాంటి యాప్‌లలో పెడతామంటే ఆలోచించు. కోత వేరుగా ఉన్న ప్రతి రికార్డింగుకీ వేరే ఐఎస్‌ఆర్‌సీ నంబరు ఇస్తారు, పన్నెండు అక్షరాలు, అంకెలు కలిపి ఉండే కోడ్ అది. నంబరు వేరైతే ప్లేల లెక్కా వేరు. ఆరు వందలు అటు, ఐదు వందలు ఇటు పడితే రెండూ వెయ్యి దాటవు, స్పాటిఫై నుంచి ఏమీ రాదు. పొట్టిది స్ట్రీమింగ్‌లోకి, పూర్తిది యూట్యూబ్‌లోకి పంపమని అడుగు. డీజే అబ్బాయికి ట్రాకు నువ్వే ఇచ్చెయ్యి.